దండకారణ్యం గోడకెక్కితే

దంతెవాడ ముఖం తెలుగువారికి పత్రికల్లోనే పరిచయం. అదే ముఖం ఫ్రేము కట్టుకుని గ్యాలరీ గోడ మీద ఎదురైతే ఏం చూడాలి? ఎలా చూడాలి?

దంతెవాడ ఫొటో అనగానే తెలుగు పాఠకుడి కళ్ల ముందు మెదిలేవి రెండే. ఒకటి, అడవిలో వరుసగా పడుకోబెట్టిన శవాలు, పక్కన పేర్చిన తుపాకులు, వెనకాల నిలబడ్డ జవాన్లు. రెండోది, తలకు అడవిదున్న కొమ్ములు, మెడలో పొడవాటి డోలుతో నాట్యమాడుతున్న దండామి మాడియాలు. మొదటిది వార్తల పేజీది, రెండోది పర్యాటక శాఖ క్యాలెండర్‌ది. మొదటిదాన్ని చూసి పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. రెండోదాన్ని చూసి ముచ్చటపడి తిప్పేస్తాడు. తేడా అంతే.

ఈ రెంటికీ చెందని మూడో రకం ఫొటో కూడా ఉంది. అది పత్రికలో కాదు, గ్యాలరీ గోడ మీద ఉంటుంది. దాని ముందు నిలబడటానికి మనిషి పనిగట్టుకుని వస్తాడు. తిప్పేయడానికి అక్కడ పేజీ ఉండదు. బస్తర్ అడవులు అలాంటి గోడలెక్కడం కొత్తేమీ కాదు. ఎనిమిది దశాబ్దాలుగా సాగుతున్నదే. కొత్తగా తేల్చుకోవాల్సిందల్లా ఆ గోడ ముందు నిలబడ్డవాడి బాధ్యత ఏమిటన్నదే.

తాజా ఉదాహరణ లండన్‌ది. 2021 వేసవిలో అక్కడి ‘ద ఫొటోగ్రాఫర్స్ గ్యాలరీ’లో కోల్‌కతాకు చెందిన పౌలోమీ బసు చిత్రాలు ప్రదర్శనకు పెట్టారు. పేరు ‘సెంట్రాలియా’. మావోయిస్టుల గెరిల్లా సైన్యానికీ భారత ప్రభుత్వానికీ మధ్య మధ్యభారతపు అడవుల్లో నడిచిన యుద్ధం దాని వస్తువు. ఫొటోగ్రఫీ ప్రపంచంలో పెద్ద పురస్కారంగా చెప్పుకునే డాయిష్ బోర్స బహుమతికి ఆ ఏడాది తుది జాబితాలో నిలిచిన నలుగురిలో ఆమె ఒకరు. బహుమతి చైనా కళాకారిణి త్సావ్ ఫేకి దక్కింది. అంతకుముందు సంవత్సరమే ‘సెంట్రాలియా’ పుస్తకంగా వచ్చింది.

పత్రికా ఫొటోకు అలవాటుపడ్డ కన్ను ఈ చిత్రాల ముందు తడబడుతుంది. చీకటి, పొగ, నిప్పు, అసహజమైన రంగులు. ఇది జరిగిన ఘటనా, కల్పించిన దృశ్యమా అన్నది వెంటనే తేలదు. డాక్యుమెంటరీకీ కల్పనకూ మధ్య గీతను పౌలోమీ బసు కావాలనే చెరిపేశారు. ఎవరు ఎవరిని చంపారో, ఏది పుకారో, ఏది నిజమో తేలని చోట ఫొటో మాత్రం అన్నీ తేల్చినట్టు ఎందుకు నటించాలన్నది ఆ చిత్రాల వెనకున్న వాదన. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ వాదన వినాలంటే చిత్రం ముందు కాసేపు నిలబడక తప్పదు. వార్తాచిత్రం ‘ఏం జరిగింది’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. కళాచిత్రం ‘నువ్వు చూస్తున్నదేమిటి’ అని ఎదురు ప్రశ్న వేస్తుంది.

నింగి నేపథ్యంగా

ఇంగ్లండ్ నుంచి వచ్చి గోండు పల్లెల్లో స్థిరపడిన వెరియర్ ఎల్విన్ 1943లో ‘మరియా మర్డర్ అండ్ సూయిసైడ్’ ప్రచురించారు. ఇప్పటి దంతెవాడ ప్రాంతంలో నివసించే కొమ్ముల మాడియాల్లో 100 హత్యలనూ 50 ఆత్మహత్యలనూ పరిశీలించి రాసిన పుస్తకమది. 1947లో ఘోటుల్ వ్యవస్థ గురించి ‘ద మురియా అండ్ దెయిర్ ఘోటుల్’ వచ్చింది. బస్తర్ మనుషుల ముఖాలు బయటి చదువరులకు చేరడంలో ఈ పుస్తకాల్లోని ఫొటోలదీ పెద్ద పాత్రే. అయితే అవి శాస్త్రానికి సాక్ష్యాలు. వాటిని కళగా చూడమని ఎవరూ అడగలేదు.

ఆ పని చేసినవాడు ఎల్విన్ మిత్రుడు సునీల్ జనా. 1918లో అస్సాంలో పుట్టి, కమ్యూనిస్టు పార్టీ పత్రికకు ఫొటోగ్రాఫర్‌గా 1943 నాటి బెంగాల్ కరువును ప్రపంచానికి చూపిన జనా, ఎల్విన్ తోడ్పాటుతో గిరిజన ప్రాంతాలు తిరిగారు. వాటిలో బస్తర్ ఒకటి. ‘లైఫ్’ పత్రిక ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్-వైట్ భారత్ వచ్చినప్పుడు కలిసి పనిచేసిందీ ఆయనతోనే. 1949లో వచ్చిన జనా తొలి పుస్తకం ‘ద సెకండ్ క్రీచర్’ను తీర్చిదిద్దింది అప్పటికింకా సినిమా తీయని సత్యజిత్ రే. గిరిజనుల చిత్రాలన్నీ కలిపి ‘ద ట్రైబల్స్ ఆఫ్ ఇండియా’గా రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది. 1998లో న్యూయార్క్‌లో రామ్ రహ్మాన్ పెట్టిన ఎగ్జిబిషన్‌తో ఆ ప్రింట్లు మళ్లీ జనం కళ్లలో పడ్డాయి. జనా 2012లో అమెరికాలోని బర్క్‌లీలో కన్నుమూశారు.

జనా పోర్ట్రెయిట్లలో తరచూ కనిపించే పద్ధతి ఒకటుంది. కెమెరా కిందినుంచి పైకి చూస్తుంది. మనిషి వెనక గుడిసె ఉండదు, ఊరుండదు, ఆకాశమే ఉంటుంది. కార్మికుణ్నీ రైతునీ వీరుడిగా నిలబెట్టడానికి ఆ తరం వామపక్ష కళాకారులు వాడిన కోణమే అది. దానితో బస్తర్ యువతీ యువకులు శిల్పాల్లా నిలుస్తారు. వలస పాలకుల కెమెరా గిరిజనుణ్ని గోడకానించి, పక్కన కొలబద్ద పెట్టి నమూనాగా ఫొటో తీసిన దేశంలో ఇది చిన్న మార్పు కాదు. కెమెరా ఎత్తు మారితే మనిషి హోదా మారుతుంది.

అయితే ఆ ఆకాశమే ఇంకో పని కూడా చేసింది. వెనక ఊరు లేదు కాబట్టి అప్పు లేదు, అటవీ గార్డు లేడు, పన్ను లేదు. మనిషి కాలానికి అతీతుడైపోయాడు. అందం పెరిగింది, చరిత్ర తగ్గింది. జనా చిత్రాలను మెచ్చుకోవడమంటే ఈ లాభాన్నీ ఈ నష్టాన్నీ ఒకేసారి చూడగలగడం.

మూడు దూరాలు

‘మెచ్చుకోవడం’ అంటే బాగుందని తలూపడం కాదు. ఫొటోను గ్యాలరీలో చూడటానికో పద్ధతి ఉంది. దానికి కళాశాల డిగ్రీ అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు.

మొదట దూరం నుంచి చూడాలి. ఏడెనిమిది అడుగుల దూరంలో ముఖం కన్నా ముందు నలుపు తెలుపుల పంపకం కనిపిస్తుంది. కన్ను మొదట ఎక్కడ ఆగుతోంది, అక్కడినుంచి ఎటు జారుతోంది అన్నది గమనిస్తే ఫొటోగ్రాఫర్ ఏది ముఖ్యమనుకున్నాడో తెలిసిపోతుంది. తరవాత మామూలు దూరంలో, అంటే ఎదుటి మనిషితో మాట్లాడేంత దూరంలో నిలబడాలి. చిత్రంలోని మనిషి ఎటు చూస్తున్నాడు? కెమెరాలోకా, పక్కకా? చూపులో అనుమతి ఉందా, అలవాటు ఉందా, భయముందా? చివరగా దగ్గరికి వెళ్లాలి. అక్కడ కనిపించేది మనిషి కాదు, ప్రింట్.

గ్యాలరీకి వెళ్లడంలో అసలు లాభం ఈ మూడోదే. పత్రికలోనో ఫోన్ తెర మీదో చూసేది బొమ్మ. గ్యాలరీలో ఉన్నది వస్తువు. డార్క్‌రూమ్‌లో వెండి లవణాల కాగితం మీద తయారైన పాత ప్రింట్‌లో నలుపు లోతుగా ఉంటుంది. నీడలో కూడా వివరం దాగి ఉంటుంది. నేటి ప్రింట్లలో చాలావరకు పిగ్మెంట్ సిరాతో కాగితం మీద అచ్చేసినవి. ఫొటో తీసిన కాలంలోనే ఫొటోగ్రాఫర్ చేసిన, లేదా దగ్గరుండి చేయించిన ప్రతిని ‘వింటేజ్ ప్రింట్’ అంటారు. అదే నెగెటివ్ నుంచి దశాబ్దాల తరవాత చేసిన ప్రతిలో చీకటి పాళ్లు మారొచ్చు. అంటే అర్థమూ మారొచ్చు. మాడియా ముఖాన్ని ఎంత నల్లగా అచ్చేయాలన్నది సాంకేతిక నిర్ణయం మాత్రమే కాదు.

గ్యాలరీలో వెలుతురు మందంగా ఎందుకుంటుందని విసుక్కునేవారుంటారు. కాంతి పాత ఫొటోను తినేస్తుంది కాబట్టే మ్యూజియంలు సున్నితమైన ప్రింట్ల మీద పడే వెలుగును 50 లక్స్ దగ్గర కట్టడి చేస్తాయి. కన్ను ఆ మసకకు అలవాటుపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గబగబా తిరిగేవాడికి సగం ఫొటో కనపడకపోవడానికి అదో కారణం. అద్దం బిగించిన ముదురు రంగు చిత్రాల్లో చూసేవాడి ముఖమే ప్రతిబింబించడం ఇంకో ఇబ్బంది. అడవిని చూద్దామని వచ్చినవాడు ముందు తన చొక్కాను చూసుకుంటాడు.

ఇక వరుస. గోడ మీద ఏ ఫొటో పక్కన ఏది ఉండాలన్నది క్యూరేటర్ నిర్ణయం. నాట్యం పక్కన మరో నాట్యం పెడితే సంస్కృతి. నాట్యం పక్కన గని పెడితే రాజకీయం. దంతెవాడ జిల్లాలోని బైలాడీలా కొండల నుంచి ఇనుప ఖనిజం కిరండూల్-కొత్తవలస రైలు మార్గం మీదుగా విశాఖ చేరుతున్న సంగతి తెలుగువారికి తెలిసిందే. ఆ రైలు ఫొటోనూ కొమ్ముల నాట్యం ఫొటోనూ పక్కపక్కన వేలాడదీస్తే, రెంటిలో దేన్నీ మునుపటిలా చూడలేం.

వరుస ఎంత మోసం చేయగలదో చెప్పడానికి ఫొటోగ్రఫీ చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. 1955లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఎడ్వర్డ్ స్టైకెన్ ‘ద ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్’ ఏర్పాటు చేశారు. 68 దేశాల్లో తీసిన 503 ఫొటోలు. పుట్టుక, పెళ్లి, పని, చావు అన్న క్రమంలో పేర్చి, మానవులంతా ఒకే కుటుంబమని చెప్పారు. దేశదేశాల్లో జనం విరగబడి చూశారు. ఫ్రెంచి విమర్శకుడు రోలా బార్త్ మాత్రం అభ్యంతరం చెప్పారు. చావు అందరికీ ఒకటే కావచ్చు, ఎలా చస్తారన్నది మాత్రం చరిత్ర నిర్ణయిస్తుందన్నది ఆయన విమర్శ సారాంశం. బస్తర్ చిత్రాలకు ఈ మాట అతికినట్టు సరిపోతుంది.

పేరు లేని ముఖం

అసలు చిక్కు ఫొటో కింద ఉంటుంది. గ్యాలరీలో ప్రతి చిత్రం పక్కనా చిన్న చీటీ కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్ పేరు, శీర్షిక, సంవత్సరం, ప్రింట్ రకం, కొలతలు, ఎన్ని ప్రతుల్లో ఇది ఎన్నోది అన్న లెక్క. 3/10 అని ఉంటే మొత్తం పది ప్రతుల్లో మూడోదని అర్థం. ఎన్ని కాపీలైనా తీయగలిగిన ఫొటోకు అరుదైన వస్తువు హోదా వచ్చేది ఈ లెక్కతోనే. ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది చిత్రం 2011లో 43 లక్షల డాలర్లు, మాన్ రే తీసిన ‘వయొలాన్ దాంగ్ర్’ 2022లో 1.24 కోట్ల డాలర్లు పలికాయంటే కారణం ఆ అరుదుతనమే.

ఇన్ని వివరాలున్న చీటీలో ఫొటోలోని మనిషి పేరు మాత్రం చాలాసార్లు ఉండదు. పాత గిరిజన చిత్రాల్లో తెగ పేరు, ఊరో జిల్లానో ఉంటాయి. రాజుగారి ఫొటో కింద బిరుదులతో సహా పేరుంటుంది. మురియా యువతి మాత్రం ‘మురియా యువతి’గానే మిగిలిపోతుంది. పత్రికల్లోని ఎన్‌కౌంటర్ ఫొటోకీ ఇదే రోగం. అక్కడ పేరు స్థానంలో సంఖ్య ఉంటుంది.

అయితే పేరు లేకపోవడమంతా ఒకటే కాదు. ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. 1940ల ఫొటోలో పేరు లేకపోతే అడగలేదని అనుకోవచ్చు. 2005 తరవాతి దంతెవాడ ఫొటోలో పేరు లేకపోతే అడిగి, దాచి ఉండొచ్చు. ఆ ఏడాది సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్లు రెండుగా చీలాయి. గిరిజన యువకులను స్పెషల్ పోలీసు అధికారులుగా పెట్టి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికి వేలమంది శిబిరాల పాలయ్యారు, వేలమంది గోదావరి దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చేశారు. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది భద్రతా సిబ్బంది హతమైనప్పుడు ఆ ఊరు దంతెవాడ జిల్లాలోనే ఉండేది. 2012లో సుక్మా జిల్లాలోకి వెళ్లింది. అలాంటి చోట ఫొటో కింద పేరు రాస్తే అది పోలీస్ స్టేషన్‌కైనా చేరుతుంది, ప్రజాకోర్టుకైనా చేరుతుంది. ముఖాన్ని నీడలో ఉంచడం అక్కడ శైలి కాదు, రక్షణ.

అంటే చీకట్లో ఉన్న రెండు ముఖాల్లో ఒకటి నిర్లక్ష్యం వల్ల, ఇంకోటి శ్రద్ధ వల్ల చీకట్లో ఉండొచ్చు. ఈ తేడా పట్టుకోగలగడమే బస్తర్ ఫొటోను చూడటంలో అసలు విద్య. చీటీ మీద సంవత్సరం చూడాలి, ఊరు చూడాలి, పక్క చిత్రం చూడాలి. అప్పుడు గానీ ఆ నలుపు ఏ రకం నలుపో తెలియదు.

పేరు తెలిసినా సరిపోదని చెప్పే కథ కూడా బస్తర్‌లోనే ఉంది. నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్ బెంగాల్‌కు చెందిన మురియా బాలుడు చెంద్రూ. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డోర్ఫ్ 1957లో విడుదల చేసిన సినిమాలో పులితో ఆడుకునే కుర్రాడతను. సినిమాకు సంగీతం రవిశంకర్‌ది. దర్శకుడి భార్య ఆస్ట్రిడ్ తీసిన ఫొటోలు చెంద్రూ పేరుతోనే పుస్తకమై యూరప్‌లో పిల్లల చేతుల్లోకి వెళ్లాయి. చెంద్రూ స్వీడన్ కూడా వెళ్లివచ్చాడు. తరవాత తిరిగి పల్లెకు చేరి, పేదరికంలోనే బతికి, 2013లో చనిపోయాడు. ఫొటోలో పిల్లవాడి వయసు పెరగలేదు. ఫొటో బయట పెరిగింది. గోడ మీది చిత్రం ముందు ‘ఆ తరవాత ఏమైంది?’ అని అడగడం కళకు సంబంధం లేని ప్రశ్న కానే కాదు.

హైదరాబాద్ అలవాటు

ఫొటోను నిలబడి చూసే అలవాటుకు తెలుగు నేల కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన లాలా దీన్‌దయాళ్ (1844-1905) ఆరో నిజాం చేత ‘రాజా’ అనిపించుకున్నారు. పరదా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ఆయన తెరిచిన జనానా స్టూడియోను నడిపింది కూడా మహిళే. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ప్రస్తుతం ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆదిలాబాద్ గోండులనూ గోదావరి కొండరెడ్లనూ 1940ల్లో ఫొటో తీసిన హైమన్‌డార్ఫ్ సేకరణ లండన్‌లో ఉంది. కోరుట్లలో పుట్టిన బండి రాజన్‌బాబు (1939-2011) గిరిజన చిత్రాలతో పేరు తెచ్చుకుని, హైదరాబాద్‌లో ఎందరికో కెమెరా పట్టడం నేర్పారు. 2015 నుంచి ఇండియన్ ఫొటో ఫెస్టివల్ మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో దేశదేశాల చిత్రాలను వేలాడదీస్తోంది. 2023లో బెంగళూరులో ఫొటోగ్రఫీ పేరునే తన పేరులో చేర్చుకున్న మ్యూజియం తలుపులు తెరిచింది.

కాబట్టి చూసే చోట్లకు కొదవ లేదు. కొరత ఇంకోచోట ఉంది. దంతెవాడ ఫొటోలు లండన్, న్యూయార్క్, ఢిల్లీ చూస్తున్నాయి. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు చూసే దారి మాత్రం సన్నం. జగ్దల్‌పూర్‌లో మానవశాస్త్ర సర్వే సంస్థ మ్యూజియం ఉంది గానీ అది తెగల గురించి చెప్పే చోటు, తెగలు తమ చిత్రాలను తామే ఎంచి గోడకెక్కించే చోటు కాదు.

అయినంత మాత్రాన అక్కడివారికి ‘గోడ’ లేదనుకోవడం తప్పు. వరంగల్ పతనమయ్యాక కాకతీయ వంశీకుడు అన్నమదేవుడు వచ్చి రాజ్యం స్థాపించాడని చెప్పే ఈ నేల మీద, దంతేశ్వరి గుడి నుంచి బైలాడీలా వైపు వెళ్లే దారిలో గమావాడ దగ్గర నిలువెత్తు రాళ్లు గుంపుగా నిలబడి ఉంటాయి. చనిపోయినవారి గుర్తుగా మాడియాలు పాతిన స్మారక శిలలవి. రాయి, కొయ్య, ఈమధ్య సిమెంటుతో ఈ ఆచారం ఇప్పటికీ బస్తర్‌లో సాగుతోంది. రంగులు వేసిన స్తంభాల మీద పోయినవారి జీవితంలోని బొమ్మలుంటాయి. వేట, నాట్యం, ఎద్దులు, సైకిల్, జీపు, ఒక్కోచోట విమానం కూడా. కొత్తవాటి మీద పేరూ తేదీ కూడా రాస్తారు. ఇదీ ప్రదర్శనే. ఎండలో, వానలో, టికెట్ లేకుండా, దారిన పోయేవారందరికీ. తేడా ఒక్కటే. అక్కడ రాసేది బొమ్మ వేసినవాడి పేరు కాదు, పోయినవాడి పేరు.

గ్యాలరీ ఆ పద్ధతిని అరువు తెచ్చుకోలేకపోవచ్చు. కళాకారుడి పేరు లేకుండా దానికి గడవదు. కానీ చూసేవాడు అరువు తెచ్చుకోవచ్చు. హింసా చిత్రాలు చూసి చూసి మనసు మొద్దుబారుతుందని 1977లో రాసిన సూసన్ సొంటాగ్, 2003 నాటి పుస్తకంలో తన మాటను తానే తిరిగి ప్రశ్నించుకున్నారు. మొద్దుబారడం ఫొటో లక్షణం కాదు, చూసే తీరు లక్షణం అనుకుంటే దానికి మందు కూడా చూసే తీరులోనే ఉంది. మాదాపూర్‌లోనో బెంగళూరులోనో ఈసారి ఒక బస్తర్ ముఖం ఎదురైతే, ‘ఎంత బాగా తీశారు’ అనే మాటను కాసేపు ఆపుకోవాలి. ముందు దూరం నుంచి, తరవాత మాట్లాడేంత దగ్గర నుంచి, ఆపైన కాగితం మీది నలుపు కనిపించేంత దగ్గర నుంచి చూడాలి. చీటీ చదవాలి. పేరుందా? లేకపోతే, అడగలేదా, దాచారా? జవాబు దొరక్కపోవచ్చు. ఆ ప్రశ్నతో పక్క చిత్రం దగ్గరికి నడిచినవాడికి మాత్రం మర్నాటి పత్రికలో సంఖ్య కింద అచ్చయిన ఫొటో కూడా ఒక పేరున్న మనిషిదిగా కనిపించే అవకాశం ఉంది.